వర్క్ ఫ్రమ్ హోమ్ తీసేశారు: గాజువాక నుంచి రుషికొండకు రోజూ తిరగాలా, రాజీనామా ఇచ్చేయాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఇల్లు విశాఖలో గాజువాక, ఆఫీసు రుషికొండ ఐటీ కొండ మీద. ఇంటర్వ్యూలో "మీ టీమంతా రిమోటే, అప్పుడప్పుడు వస్తే చాలు" అన్నారు. ఇప్పుడేమో వచ్చే నెల నుంచి వారానికి ఐదు రోజులూ రావాలనీ, హాజరు తగ్గితే వేరియబుల్ పే (జీతంలో పనితీరును బట్టి మారే భాగం) మీద పడుతుందనీ మెయిల్ పెట్టారు. బాబుకు మూడేళ్లు. టీమ్ చూస్తే పూణేలో, బెంగళూరులో. ఇలా చేయొచ్చా, చట్టంలో దారేమైనా ఉందా, లేక ఉద్యోగం మానేయాలా అని.

నాదీ మీ వైపే అండీ, కూర్మన్నపాలెం. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పని. మా కంపెనీలో ఈ తతంగం మీకంటే ముందే నడిచింది. పేరు ఎందుకులెండి, కొండ మీద ఉన్నవాళ్లకు ఎలాగూ తెలిసిపోతుంది.

ముందు చట్టం సంగతి తేల్చేద్దాం. ప్రైవేటు ఉద్యోగికి ఇంటి నుంచి పని చేసే హక్కు ఇచ్చే చట్టం మన దేశంలో లేదు. 2020 డిసెంబరు చివర్లో కేంద్రం సేవారంగానికి నమూనా స్టాండింగ్ ఆర్డర్ల (అంటే ఉద్యోగ నియమావళి) ముసాయిదా విడుదల చేసినప్పుడు ఇంటి పనికి చట్టబద్ధత వచ్చేసిందని హడావుడి జరిగింది. తీరా చదివితే, నియామక షరతులకు లోబడి యజమాని ఇష్టపడితే ఇవ్వొచ్చు అని మాత్రమే ఉంది. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణలో, సెలవు అయిపోయాక పని స్వభావాన్ని బట్టి ఇంటి నుంచి చేసే వీలు పెట్టారు. అదీ ఇద్దరూ ఒప్పుకుంటేనే. మీ బాబుకు మూడేళ్లు కాబట్టి మీకు దాని ఊసు అనవసరం. అయితే అదే సవరణలో మీకు పనికొచ్చే ముక్క ఒకటుంది. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెష్ (చిన్నపిల్లల్ని చూసుకునే చోటు) ఏర్పాటు చేయాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. దీన్ని గుర్తు పెట్టుకోండి, తర్వాత వాడుకుందాం.

2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు మహిళలకు పెద్ద ఎత్తున వర్క్ ఫ్రమ్ హోమ్ తెస్తామన్నారు కదా, మా అత్తయ్య ఆ వార్త పట్టుకుని "గవర్నమెంటే ఇమ్మంటోంటే మీవాళ్లు ఇవ్వరేంటి" అని వారం రోజులు అడిగారు. అది ప్రభుత్వం చెప్పుకున్న ఆలోచన అత్తయ్యా, మా కంపెనీకి వచ్చిన ఆర్డర్ కాదు అని చెప్పేసరికి నా పని అయిపోయింది.

ఇంకొకటి. మీ బిల్డింగ్ సెజ్‌లో, అంటే ప్రత్యేక ఆర్థిక మండలిలో ఉంటే "సెజ్ రూల్స్ ఒప్పుకోవు" అనే మాట వినిపిస్తుంది. 2022 జూలైలో సెజ్ నిబంధనల్లో 43ఎ అని కొత్తది చేర్చి మొదట సగం మంది వరకు ఇంటి నుంచి పని చేయించుకోవచ్చన్నారు. అదే ఏడాది డిసెంబరులో దాన్ని అందరికీ సడలించారు, గడువు కూడా తర్వాత పెంచారు. కాబట్టి సెజ్ పేరు చెప్పగానే తల ఊపేయకుండా, ఇప్పుడు ఏ నిబంధన అడ్డొస్తోందో మెయిల్‌లో చెప్పమనండి. మా దగ్గర అలా అడిగాక ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇక అన్యాయమా అంటే, నా లెక్కలో ఇది జీతం కోత. "ఫెసిలిటీ తీసేశాం" అని వాళ్లంటారు, మనమూ అదే నమ్మి ఏదో మిఠాయి లాగేసుకున్నట్టు ఏడుస్తాం. కాగితం మీద పెట్టి చూడండి. గాజువాక నుంచి షీలానగర్, ఎన్ఏడీ, తాటిచెట్లపాలెం, మద్దిలపాలెం, హనుమంతవాక, ఎండాడ మీదుగా పాతిక కిలోమీటర్ల పైమాటే. ఎన్ఏడీ ఫ్లైఓవర్ వచ్చాక ఆ ముడి కొంత విడింది కానీ, ఉదయం తొమ్మిదికి హనుమంతవాక సిగ్నల్ దగ్గర నిలబడ్డవాళ్లకు అసలు సంగతి తెలుసు. ఒక వైపు గంటా పావు వేసుకోండి. రోజుకు రెండున్నర గంటలు, నెలకు 22 పనిదినాలు, మొత్తం 55 గంటలు. ఎనిమిది గంటల పనిదినాలుగా మారిస్తే దాదాపు ఏడు రోజులు. పెట్రోలు లీటరు వంద దాటి చాలా కాలమైంది. బండి మీద వెళ్తే రోజుకు లీటరు పైనే, నెలకు రెండు వేల పైచిలుకు. బాబును చూసుకునే మనిషికో ప్లేస్కూల్లో అదనపు గంటలకో ఇచ్చేది వేరే. అదే జీతానికి నెలకు ఏడు రోజులు ఎక్కువ పని చేయమని, పైగా ఎదురు డబ్బు కట్టమని ఎవరైనా అడిగితే ఒప్పుకుంటామా?

ఈ లెక్క ఎందుకంటే, కోపాన్ని కోపంగానే మేనేజర్ ముందు పెడితే పనికిరాదు. జీతం గురించి ఎలా బేరం ఆడతామో దీని గురించీ అలాగే ఆడాలి. నా సమాధానం మొత్తం ఇదే, మిగతావన్నీ దాని వివరాలు.

మా దగ్గర మొదట జరిగింది బేరం కాదు, గోల. వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు, మెయిల్ రాసి అందరం పేర్లు పెట్టాం. టౌన్‌హాల్‌లో, అంటే ఉద్యోగులందరితో పెట్టే మీటింగ్‌లో, హెచ్ఆర్ ఆవిడ "కొలాబరేషన్", "కల్చర్" అంటూ అరగంట స్లైడ్లు చూపించి, ప్రశ్నలకు టైమ్ అయిపోయిందన్నారు. మా వెనక వరసలో ఒకతను చెయ్యెత్తి, ఎత్తిన చెయ్యి అలాగే ఉంచి కూర్చున్నాడు పాపం. తర్వాత కొన్నాళ్లు హాజరు కోసం కార్డు స్వైప్ చేసి కాఫీ తాగి వెళ్లిపోయే బ్యాచ్ తయారైంది. దాంతో లోపలికి వచ్చిన టైమ్, బయటికి వెళ్లిన టైమ్ రెండూ లెక్కపెట్టడం మొదలుపెట్టారు, బుద్ధిగా కూర్చున్నవాళ్లకూ సెగ తగిలింది. ఇవేవీ మీరు చేయకండి.

ఆఫీసుకు వెళ్లాక ఏం చేశామో కూడా చెప్పాలి, ఎందుకంటే మీ బేరానికి ముడిసరుకు అక్కడే దొరుకుతుంది. మా టీమ్‌లో విశాఖలో ఉన్నది నేను, ఇంకో అమ్మాయి. ఉదయం వెళ్లి సీటు బుక్ చేసుకునే యాప్‌లో దొరికిన చోట కూర్చోవడం, హెడ్‌సెట్ పెట్టుకుని పూణే వాళ్లతో కాల్. నా పక్కన కూర్చున్నాయన వేరే ప్రాజెక్టు, ఆయనా హెడ్‌సెట్టే, ఆయన క్లయింటుకు సరిగ్గా వినపడదు కాబట్టి గొంతు పెద్దది. మీటింగ్ రూములు నాలుగుంటే నాలుగూ ఎప్పుడూ ఫుల్. ఒకరోజు డిఫెక్ట్ ట్రయాజ్ (దొరికిన లోపాల్లో ఏది ముందు సరిచేయాలో తేల్చే) కాల్‌కి ఎక్కడా చోటు లేక మెట్ల దగ్గర నిలబడి, ల్యాప్‌టాప్ కిటికీ గట్టు మీద పెట్టి మాట్లాడాను. కిటికీలోంచి సముద్రం బ్రహ్మాండంగా కనిపిస్తోంది, అవతల రిలీజ్ మేనేజర్ "ఏంటండీ ఆ ప్రతిధ్వని" అంటున్నాడు. కొలాబరేషన్ అంటే ఇదన్నమాట అనుకున్నాను.

ఆ నెలంతా ఒక ఎక్సెల్ షీట్‌లో రాసుకున్నాను. ఏ కాల్ ఎవరితో, వాళ్లు ఏ ఊళ్లో, రూమ్ దొరికిందా లేదా. ఇంట్లో ఉన్నప్పుడు నేను క్లోజ్ చేసిన టెస్ట్ కేసులు, ఆఫీసులో చేసినవి కూడా టూల్‌లోంచి తీసి పక్కన పెట్టాను. ఆ షీట్ పట్టుకుని హెచ్ఆర్ దగ్గరికి కాదు, నేరుగా నా మేనేజర్ దగ్గరికి వెళ్లాను. హెచ్ఆర్‌కు పాలసీ ఉంటుంది, మేనేజర్‌కు డెలివరీ డేట్ ఉంటుంది. మన మీద అవసరం ఉన్నది రెండో మనిషికి. పైగా అతని పేరు పక్కన కూడా టీమ్ హాజరు శాతం అని ఒక గడి ఉంటుంది, పై నుంచి అతన్నీ అడుగుతారు. అందుకే "పాలసీ మార్చండి" అంటే అతను చేయగలిగేది ఏమీ లేదు. "మంగళ, గురువారాలు క్లయింట్ కాల్స్ ఎక్కువ, రూములు దొరకడం లేదు, ఆ రెండు రోజులు ఇంటి నుంచి చేస్తాను, మిగతా మూడు రోజులు ఏడున్నరకే వచ్చి నాలుగింటికి వెళ్తాను, మూడు నెలలు చూసి మాట్లాడుకుందాం" అంటే అతను పైవాళ్లకు చెప్పుకోవడానికి ఒక మాట దొరికింది. వెంటనే ఒప్పుకోలేదు, రిలీజ్ అయ్యాక చూద్దామన్నాడు. రిలీజ్ అయిన మర్నాడు మళ్లీ వెళ్లాను. చివరికి టైమింగ్స్ ఒప్పుకున్నాడు, రెండు రోజులకు బదులు ఒక రోజు ఇచ్చాడు, తర్వాత అప్రైజల్ అప్పుడు అది రెండైంది. ఒప్పుకున్నది మెయిల్‌లో ఉండాలి. అతను పెట్టకపోతే "మనం మాట్లాడుకున్న ప్రకారం" అని మీరే పెట్టేయండి.

మీ విషయంలో క్రెష్ ప్రశ్నను ఇక్కడ వాడండి. "ఆఫీసుకు రావడానికి నాకు అభ్యంతరం లేదు, క్రెష్ ఏ ఫ్లోర్‌లో ఉందో చెప్తే బాబును తెచ్చుకుంటాను" అని మర్యాదగా ఒక మెయిల్. ఉంటే మీకు నిజంగానే మంచిది. లేకపోతే వాళ్లు జవాబు వెతుక్కోవాలి, ఆ లోపు మీరడిగే రెండు రోజులు వాళ్లకు చిన్నదిగా కనిపిస్తాయి. ఆఫర్ లెటర్ కూడా ఒకసారి తీసి పని ప్రదేశం దగ్గర ఏముందో చూడండి. సాధారణంగా "విశాఖపట్నం లేదా కంపెనీ సూచించిన చోట" అనే ఉంటుంది. ఇంటర్వ్యూలో చెప్పిన మాటకు రాతలో ఆధారం ఉంటే బేరంలో బలం, లేకపోతే ఆ మాట ఎత్తి లాభం లేదు.

ఒక మాట నిష్పక్షపాతంగా చెప్పాలి. ఇంట్లో పని అంటే స్వర్గమేమీ కాదు. రాత్రి పదింటికి "ఒక్క చిన్న డౌట్" అంటూ మెసేజ్ పెట్టే అలవాటు అందరికీ ఆ రోజుల్లోనే వచ్చింది. కొత్తగా చేరిన పిల్లలకైతే ఆఫీసే నయమని నేను గట్టిగా అనుకుంటాను. మా దగ్గర గీతం యూనివర్సిటీ నుంచి వచ్చిన అబ్బాయి ఒకడు ఏడాదంతా ఇంట్లో కూర్చుని, ఎవరిని ఏం అడగాలో తెలియక ఒక్కడే తంటాలు పడ్డాడు. ఆఫీసుకు వచ్చిన నెలలో తేరుకున్నాడు. కానీ అతనికి మంచిదైనది మీకూ నాకూ మంచిదై తీరాలని లేదు. అందరికీ ఒకే తాడు కట్టడం దగ్గరే నా పేచీ.

రాజీనామా గురించి. చేతిలో ఇంకో ఆఫర్ లేకుండా వద్దు. హైదరాబాద్‌లో అయితే రోడ్డు దాటితే ఇంకో కంపెనీ, మన ఊళ్లో ఇంకా అంత లేదు. 2025లో టీసీఎస్‌కూ కాగ్నిజెంట్‌కూ 99 పైసల నామమాత్రపు ధరకు భూములిచ్చారు, కాబట్టి ముందు ముందు ఎంపిక పెరుగుతుంది. అయితే అవి కూడా కట్టేది ఆఫీసులే, మనల్ని ఇంట్లో కూర్చోబెట్టడానికి కాదు. నోటీస్ పీరియడ్ 90 రోజులైతే ఆ మూడు నెలలూ మీరు ఎలాగూ హనుమంతవాక సిగ్నల్ దగ్గర నిలబడాల్సిందే. వెతకడం మాత్రం ఇవాళే మొదలుపెట్టండి. కొత్త చోట ఎన్ని రోజులు ఇంటి నుంచి అనేది ఆఫర్ లెటర్‌లో రాయమని అడగండి. రాయలేం అంటే ఆ రోజుల్ని సున్నా కింద వేసుకుని జీతం మాట్లాడుకోండి.

2020లో బెంగళూరు, హైదరాబాద్ నుంచి వచ్చేసి ఇక్కడే పిల్లల్ని స్కూళ్లలో వేసినవాళ్ల కథ వేరు. వాళ్లకు ఇది ప్రయాణం సమస్య కాదు, ఊరు వదలాలా అన్న సమస్య. మా పక్క ఫ్లాట్ వాళ్లు ఆ చిక్కులోనే ఉన్నారు. దానికి నేను చెప్పగలిగింది తక్కువ. ఒక్కటే, ఇదే కంపెనీకి విశాఖలో ఆఫీసు ఉంటే బదిలీ అడిగి చూడమంటాను.

బేరం తేలేలోపు ఎలాగూ వెళ్లాలి కాబట్టి ఒక చిట్కా. బండి మీద రోజూ వెళ్తే నడుము పోతుంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి కింద ఆడవాళ్లకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం, ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. 400కె ఎక్కి మద్దిలపాలెంలో దిగండి, అక్కడ తగరపువలస వెళ్లే 222 పట్టుకుంటే ఎండాడలో దిగి ఆటోలో కొండ ఎక్కేయొచ్చు. ఏడు లోపల ఎక్కితే సీటు దొరుకుతుంది. ఎనిమిది దాటితే వేలాడటమే.