కొత్తగా లెక్చరర్‌వైన నీకు

అమ్మాయీ,

రెసిడెన్షియల్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పడానికి చేరానని నువ్వు ఫోన్ చేసినప్పుడు నా దగ్గర చదువుకున్న పిల్ల నా పనిలోకే వచ్చిందని ఎంత సంతోషమేసిందో! కానీ ఆఖర్లో "మేడమ్, ఎంత చెప్పినా సగంమందికి ఎక్కట్లేదు, నాకే రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు" అన్నావు చూడు, ఆ మాట దగ్గర ఆగిపోయాను. ఫోన్‌లో అయితే సగం మర్చిపోతాను కాబట్టి రాస్తున్నా.

ముందు నా తప్పు ఒకటి చెప్తాను. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, వెనక బెంచీలో రోజూ కునికిపాట్లు పడే ఒక అమ్మాయిని లేపి పీరియడంతా నిలబెట్టేదాన్ని. వారం తర్వాత పక్కనున్న పిల్ల చెప్పింది, హాస్టల్లో స్టడీ అవర్ పదకొండుకి అయితే, పొద్దున బాత్రూమ్ లైన్లో వెనకబడకూడదని ఆ పిల్ల నాలుగింటికే లేస్తుందట. అంటే ఐదు గంటల నిద్ర, పదహారేళ్ల పిల్లకి! నేను నిలబెట్టాల్సింది ఆ పిల్లని కాదు కదా. అప్పటి నుంచి మార్కులు పడిపోయిన ఎవరినైనా నేనడిగే మొదటి ప్రశ్న "రాత్రి ఎన్నింటికి పడుకున్నావు, పొద్దున ఏం తిన్నావు" అనే. నువ్వూ అదే అడుగు. లైట్లు ఆపే టైమ్ గురించి వార్డెన్‌తో, ప్రిన్సిపాల్‌తో మాట్లాడు, ఒకసారి కాకపోతే నాలుగుసార్లు.

ఇక పాఠం. నీ క్లాసులో చాలామంది పది దాకా తెలుగు మీడియమే కదా. త్వరణం తెలుసు, ద్రవ్యవేగం తెలుసు, యాక్సిలరేషన్, మొమెంటమ్ అనేసరికి బిగుసుకుపోతారు. మనం దాన్ని తెలివి తక్కువనుకుంటాం, అక్కడే వాళ్లకి అన్యాయం చేస్తాం. ప్రతి చాప్టర్‌కి ముందు ఓ పది మాటలు బోర్డు మీద ఒక వైపు తెలుగులో, ఒక వైపు ఇంగ్లిషులో రాసి, ఆ రోజు పాఠం మొత్తం రెండు మాటలూ కలిపే వాడు. రెండు నెలల్లో తేడా కనిపిస్తుంది, నేను చూశాను.

పాఠం అయిపోయాక చివరి ఐదు నిమిషాలు పుస్తకాలు మూయించి, గుర్తున్నది తెల్లకాగితం మీద రాయమను. మార్కులు వెయ్యకు, ఊరికే చూడు. వాళ్లకి ఎక్కడ పట్టు తప్పిందో అక్కడే దొరుకుతుంది. మళ్లీ మళ్లీ చదవడం కంటే గుర్తు తెచ్చుకుని రాయడమే బాగా నిలుస్తుంది, బట్టీ అలవాటైన పిల్లలకి ఇది మొదట్లో కష్టంగా ఉంటుంది, సణుగుతారు, సణగనీ.

బాగా భయపడేవాళ్లకి లెక్క చూపించు. నేను చెప్పినన్నాళ్లూ ఇంటర్ ఫిజిక్స్ థియరీ 60 మార్కులు, పాసవ్వడానికి 21. రెండు మార్కుల ప్రశ్నలు పది, అవే 20, నాలుగు మార్కులవి ఆరు రాస్తే 24. ఎనిమిది మార్కుల డెరివేషన్ చూసి ఏడ్చే పిల్లని కూర్చోబెట్టి ఈ అంకెలు కాగితం మీద వేసి చూపిస్తే మొహంలో రంగు తిరిగి వచ్చేది. పేపర్ పద్ధతి మారుతుంటుంది, ఈ ఏడాది మోడల్ పేపర్ దగ్గర పెట్టుకుని నీ లెక్క నువ్వు వేసుకో, కానీ "అన్నీ చదువు" అని మాత్రం చెప్పకు, "ఈ వారం ఇవి మూడు" అని చెప్పు. మార్కులు క్లాసులో పైకి చదవొద్దు, ఎవరి పేపర్ వాళ్ల చేతికే ఇవ్వు.

రిజల్ట్స్ రోజు నీ ఫోన్ ఆన్‌లో ఉండాలి. తప్పినవాళ్లకి నువ్వే ముందు చెయ్యి, సప్లిమెంటరీ కొద్ది వారాల్లోనే ఉంటుంది, పాసైతే ఏడాది పోదు, ఆ మాట ఇంట్లో పెద్దవాళ్లకి కూడా వినపడేలా చెప్పు. ఇంజనీరింగ్, మెడిసిన్ రెండే దారులనుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి, తెలంగాణలో డిగ్రీ సీట్లకి దోస్త్ అనే ఆన్‌లైన్ అడ్మిషన్ల వెబ్‌సైట్‌లో అప్లై చెయ్యడం, బీఎస్సీ తర్వాత ఎమ్మెస్సీ, బీఈడీ, ఇవన్నీ డిసెంబర్‌లోనే చెప్పేసెయ్. జూన్‌లో కంగారులో ఎవరికీ బుర్రకెక్కదు.

ఏ పిల్లైనా ఉన్నట్టుండి మాట్లాడ్డం మానేసినా, తన వస్తువులు పంచిపెడుతున్నా, "నేను లేకపోతే మీకేం" లాంటి మాట అన్నా పక్కకి తీసుకెళ్లి "చచ్చిపోవాలనిపిస్తోందా" అని సూటిగా అడుగు. అడిగితే ఆ ఆలోచన పుడుతుందని భయపడకు, అడిగేవాళ్లు లేకే లోపల కుళ్లిపోతారు. ఔననిపిస్తే ఒంటరిగా వదలకు, ఇంట్లోవాళ్లకి, ప్రిన్సిపాల్‌కి చెప్పు, డాక్టర్‌కి చూపించు. మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416, ఉచితం, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. నోటీస్ బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయించు.

నీ సంగతి. రోజుకి ఐదు పీరియడ్లు అరిస్తే జనవరికల్లా గొంతు పోతుంది, నాది పోయింది. నీళ్ల సీసా పట్టుకెళ్లు, బోర్డు వైపు తిరిగి మాట్లాడకు. ఆదివారం పేపర్లు దిద్దకు. డిగ్రీ కాలేజీకి వెళ్లాలన్న కోరిక ఉంది కదా, దానికి రాయాల్సిన అర్హత పరీక్షలు నెట్, సెట్ ప్రిపరేషన్ రోజూ ముప్పావు గంట చాలు, ఐఐటీల వాళ్లు పాఠాలు చెప్పే ఎన్‌పీటెల్ వీడియోలు ఉచితమే, మెకానిక్స్‌తో మొదలుపెట్టు, నీ క్లాసుకీ పనికొస్తుంది. స్టాఫ్‌రూమ్‌లో నీలాంటి కొత్తవాళ్లు ఇద్దరుంటే ముగ్గురూ వారానికోసారి టీ తాగుతూ, ఏ పాఠం దెబ్బతిందో ఒకరికొకరు చెప్పుకోండి. నాకలాంటివాళ్లు దొరకడానికి ఆరేళ్లు పట్టింది.

దసరా సెలవులకి ఇటు రా. నా పాత స్లిప్ టెస్ట్ పేపర్లు చాప్టర్ల వారీగా కట్టలు కట్టి అటక మీద పెట్టాను, దింపించి ఉంచుతాను, సంచీ తెచ్చుకో.

మీ మేడమ్