చలికాలంలో ఇంట్లో నింఫ్ ఫ్లైలు, అంటే ట్రౌట్ చేపలకి నీటిపురుగు పిల్లల్లా కనిపించేలా హుక్‌కి ఈకలు చుట్టిన ఎరలు, కట్టుకుంటే డబ్బు మిగులుతుందా? మొదలుపెట్టడానికి కిట్ కొనాలా?

మిగలదు. ఆ ఆశతో మాత్రం దిగకండి. షాపులో రెండు మూడు డాలర్లకు దొరికే ఫ్లై మీద మిగుల్చుకుందామని మొదటి చలికాలం నేను పెట్టిన ఖర్చెంతో మా ఆవిడకి ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు. కిట్ అసలే వద్దు. సంచినిండా రంగురంగుల ఈకలుంటాయి, మనకి కావలసినవి తప్ప.

మేం మిషిగన్‌లో, డెట్రాయిట్ దగ్గర నోవైలో ఉంటాం. ఇక్కడ చాలా ట్రౌట్ వాగులు సెప్టెంబర్ 30తో చేపల వేటకి మూసేస్తే మళ్లీ ఏప్రిల్ చివరి శనివారమే. ఏడాదంతా తెరిచుండే నీళ్లూ ఉన్నాయి కానీ, జనవరిలో రాడ్ రింగుల్లో పేరుకునే మంచు గీక్కుంటూ నిలబడే ఓపిక నాకు లేదు. అందుకే డైనింగ్ టేబుల్ చివర వైస్ (హుక్‌ని కదలకుండా పట్టి ఉంచే పరికరం) బిగించి కూర్చున్నాను.

మొదట కట్టడం మొదలుపెట్టింది ఫెజెంట్ టెయిల్ అనే నింఫ్. ఇంగ్లండ్‌లో ఏవన్ నదికి కావలిగా పనిచేసిన ఫ్రాంక్ సాయర్ కట్టిన రకం. ఆయన దారమే వాడలేదు. ఫెజెంట్ అనే పక్షి తోక ఈక పోగులు, సన్నటి రాగి తీగ, అంతే. ఆ తీగే కట్టూ, ఆ తీగే బరువూ. నా చేతిలో తీగ తెగిపోతుంటే దారానికి మారాను. దారంతో నాకు చివరి ముడి నిలవలేదు. దానికి నేను కనిపెట్టిన గొప్ప ఉపాయం, ప్రతి ఫ్లై తలమీదా సూపర్ గ్లూ చుక్క. అలా మార్చికల్లా సైజు 16లో నలభై కట్టాను. అంకె పెరిగేకొద్దీ హుక్ చిన్నదవుతుందని కొనేటప్పుడు ఎవరూ చెప్పరు, అది వేరే గొడవ.

ఏప్రిల్ చివరి శనివారం తెల్లవారుజామున మూడింటికి బయలుదేరి గ్రేలింగ్ ఊరి దగ్గర ఆసాబుల్ నదికి వెళ్లాను. మోకాలి లోతు నీళ్లలో, కొయ్యబారిన వేళ్లతో టిప్పెట్ (గాలం తాడు చివరి సన్నటి పోగు) చివర హుక్ బెజ్జంలోకి దూర్చబోతే దూరలేదు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. ఊహూ. ఇంకోటి తీశాను, అదీ అంతే. వెలుగుకి ఎత్తి పట్టుకుంటే బెజ్జం అవతల ఆకాశం కనిపించాలి కదా, పసుపుపచ్చటి గ్లూ బిళ్ల కనిపించింది. నలభైలో మూడు తప్ప అన్నీ పూడిపోయాయి. ఆ రోజు జేబులో ఒక్క పిన్నీసు ఉన్నా బతికిపోయేవాణ్ని. ఆ మూడింట్లో రెండు మునిగిన దుంగకి సమర్పించుకున్నాను. మూడోదానికి జానెడు బ్రౌన్ ట్రౌట్ పడింది.

తర్వాతి చలికాలం మా అమ్మ తెనాలి నుంచి వచ్చింది. నేను విప్ ఫినిష్ అనే చివరి ముడి వేసే పరికరంతో కుస్తీ పడుతుంటే కాసేపు చూసి, "ఇది మాల ముడేగా" అని దారం లాక్కుంది. మల్లెలు కట్టేటప్పుడు వేలిమీద దారం మెలితిప్పి కాడల మీదకి జార్చి బిగిస్తారే, అదే. హుక్ తలమీదకి వరసగా మూడుసార్లు జార్చి బిగించింది. నేను గట్టిగా లాగినా ఊడలేదు. అప్పట్నుంచి గ్లూ సీసా ముట్టలేదు. అయితే, పట్టి వదిలేసేదానికి ఇంత తంటా దేనికో, పులుసైనా ఎందుకు పెట్టుకోనో ఆవిడకి ఈరోజుకీ అర్థం కాలేదు. నాలుగు నెమలి ఈక పోగులకి ఇక్కడ డాలర్లు పోస్తున్నానని తెలిసి, "చెప్పుంటే సుబ్రహ్మణ్యస్వామి గుడి దగ్గర కట్ట కొనుక్కొచ్చేదాన్ని" అంది. అవి దేశం దాటించకూడదమ్మా అని చెప్పి ఆపేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

ఏం కొనాలంటే, కదలని వైస్ ఒకటి, ఒకే సైజు హుక్కులు, ఒక దారం, ఒక రకం ఈక. మొదటి చలికాలమంతా ఒకటే ఫ్లై కట్టండి. వీడియోల్లోలాగా రోజుకో రకం కడితే చెయ్యి తిరగదు. తల దగ్గర చోటు వదలండి. వైస్ నుంచి తీసేముందు బెజ్జంలో టిప్పెట్ ముక్క దూర్చి చూడండి. భయంగా ఉంటే 14 సైజు హుక్‌కి 2.8 మిల్లీమీటర్ల టంగ్‌స్టన్ పూస ఎక్కించి మొదలుపెట్టండి. ముడి పూస వెనకే పడుతుంది, బెజ్జం జోలికి రాదు. ఇత్తడి పూసకి దాదాపు రెండింతల బరువు కాబట్టి త్వరగా అడుక్కి దిగుతుంది. హుక్ మొన దగ్గరి ముల్లు ముందే ప్లయర్‌తో నొక్కేయండి, లేకపోతే పూస ఎక్కదు. కింద మాత్రం స్టీలు పళ్లెం పెట్టుకోండి. కార్పెట్లో పడ్డ పూసలన్నీ మా వాక్యూమ్ క్లీనర్ మింగేసింది.

నేను కొన్న కిట్ ఇంకా గరాజ్‌లోనే ఉంది, గులాబీరంగు ఈకలతో సహా. ఇటువైపు వస్తే ఊరికే పట్టుకెళ్లండి. వైస్ మాత్రం అడక్కండి.