స్మోకర్ ఎక్కడ పెడతావో ముందు చెప్పు

అమ్మడూ,

బొగ్గు నిప్పు మీద, పొగలో మాంసాన్ని నెమ్మదిగా వండే స్మోకర్ కొన్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మాంసం ముక్క కోసం పది పన్నెండు గంటలు నిప్పును కనిపెట్టుకుని కూర్చునే ఓపిక మన ఇంట్లో ఒకరికి వచ్చిందని మురిసిపోయాను. ఆ మురిపెం ఎంతోసేపు నిలవలేదు. "వంటింటి తలుపు పక్కనే పెడుతుంది, పైన రేకు కూడా ఉంది, వానకి ఇబ్బంది లేదు" అన్నాడు. అప్పటినుంచి నాకు ఒకటే టెన్షన్.

తెలిసినవే అయినా చెబుతాను. ఇంటి గోడకి కనీసం 10 అడుగుల దూరం ఉండాలి. మాన్యువల్‌లో అంతకన్నా ఎక్కువ రాసి ఉంటే అదే పాటించు. పైన చెట్టుకొమ్మ, చూరు ఉండకూడదు. గోడకి వినైల్ (ప్లాస్టిక్) పలకలుంటే మరీ జాగ్రత్త, 75 డిగ్రీల వేడికే మెత్తబడి వంకర్లు పోతాయి. కింద కాంక్రీటో రాతి పలకలో ఉండాలి, చెక్క డెక్ వద్దు. వాలు లేకుండా చూసుకో. వాలుంటే కరిగిన కొవ్వు బకెట్‌లోకి దిగకుండా లోపలే నిలిచి అంటుకుంటుంది. అలా అంటుకుంటే నీళ్లు మాత్రం పోయకు! మూత, గాలి కంతలు మూసెయ్.

గాలి ఎటు వీస్తుందో ఊహించి చెప్పకు. ఒక కర్రకి గుడ్డ పేలిక కట్టి అనుకున్న చోట పాతు. పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఆడుతుంది. గాలి నేరుగా కింది కంతలోకి కొడితే 110 డిగ్రీల దగ్గర నిలవాల్సిన వేడి ఎక్కడికో పోతుంది. పొగ పక్కింటి కిటికీలోకి పోతే ఆ గొడవ వేరే.

ఇక మీ బాబాయి సంగతి. నీకు ఎవరూ సరిగ్గా చెప్పి ఉండరు. ఆయన ఎంచుకున్న చోటులో వంక పెట్టడానికేం లేదు. పెరటి మధ్యలో, చుట్టూ ఖాళీ. సగం వంటలో వాన మొదలైంది. స్మోకర్‌కి చక్రాలున్నాయి కదా, గ్యారేజీలోకి లాక్కొచ్చాడు. షట్టర్ సగం ఎత్తి ఉంచాడు. పొగ బయటికి పోతూ కళ్లకి కనిపిస్తోంది, ఇంకేం భయం అనుకున్నాడు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి రంగు లేదు, వాసన లేదు. పొగ షట్టర్ కింద నుంచి పోతుంటే ఇది లోపలి తలుపు సందుల్లోంచి ఇంట్లోకి పోయింది. మీ పిన్ని తలనొప్పిగా ఉందని పడుకుంది. పిల్లాడు వాంతి చేసుకున్నాడు, తిన్నది పడలేదేమో అనుకున్నారు. నేను వెళ్లేసరికి పిన్ని లేవబోయి మళ్లీ సోఫాలో కూలబడింది, మాట తడబడుతోంది. అందరినీ బయటికి లాగి అంబులెన్స్ పిలిచాను. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు, బతికి బయటపడ్డారు. ఇప్పటికీ ఆ రోజు మాట వస్తే "మాంసం మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది" అంటాడు మీ బాబాయి. నాకు ఒళ్లు మండిపోతుంది.

అందుకే ఎండ రోజున ఎక్కడ బాగుంటుందని చూడకు, వాన రోజున దాన్ని ఎక్కడికి లాగాలనిపిస్తుందో చూడు. చక్రాలకి లాక్ వేసి ఉంచు. చినుకులు మొదలైతే మాంసాన్ని తీసి ఇంట్లో ఓవెన్‌లో పెట్టు. మొదటి కొన్ని గంటల్లో పట్టాల్సిన పొగ పట్టేస్తుంది, మిగతా ఉడుకు ఎక్కడైనా ఒకటే. కంతలు మూసేసి బొగ్గుని అక్కడే ఆరనీ. ఆరుతున్న బొగ్గు కూడా ఆ గ్యాస్ వదులుతూనే ఉంటుంది, బూడిదలో నిప్పు రోజుల తరబడి ఉంటుంది. చల్లారాక మూత ఉన్న ఇనప డబ్బాలో పోసి, ఆ డబ్బానీ బయటే ఉంచు. ఇంట్లో మోనాక్సైడ్ అలారం ఉందా? లేకపోతే ముందు అది కొను, నేను డబ్బులు పంపిస్తాను.

వేడి ట్రే పట్టుకుని రాత్రిపూట నడవాలి కాబట్టి వంటింటి దాకా దారిలో లైటు పెట్టించు. నువ్వు చిన్నప్పుడు కూడా ముందు చూడకుండా పరిగెత్తి పడేదానివి.

చోటు ఖాయం చేసే ముందు ఫోటో పంపు. గోడ, చూరు, తలుపు మూడూ కనిపించాలి. స్మోకర్ పక్కన నవ్వుతూ దిగిన సెల్ఫీ పంపితే లెక్కలోకి రాదు.

మీ పెదనాన్న