డ్రాఫ్ట్ దాచుకోకు

అమ్మలూ,

అందరికీ తెరిచి ఉండే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లకి మెంటర్ల సాయంతో కోడ్ రాసే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌కి నువ్వు అప్లై చేస్తున్నావని మీ అమ్మ చెప్పగానే పొంగిపోయాను. ఆ వెంటనే గుబులు మొదలైంది. ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం.

తెలిసిన సంగతులు ముందు. ఏ పని ఎలా చేస్తావో రాసే ప్రపోజల్స్ మూడు దాకా పంపనిస్తారు కదా అని మూడూ రాయకు, ఒక్కదాని మీదే కూర్చో. ప్రాజెక్టు 90 గంటలదో, 175దో, 350దో చూసుకో. నీ పరీక్షలు ఏ వారంలో ఉన్నాయో ప్లాన్‌లోనే రాసెయ్. టెస్టులకి, డాక్యుమెంటేషన్‌కి విడిగా రోజులు పెట్టుకో.

ఇక అసలు విషయం. నీ వయసులో నేనూ ఇలాంటి ఇంటర్న్‌షిప్‌కే ప్రపోజల్ రాశాను. ఆ సాఫ్ట్‌వేర్‌లో సెట్టింగ్స్ అన్నీ ఒక టెక్స్ట్ ఫైల్‌లో ఉండేవి. వాటిని డేటాబేస్‌లోకి మారుస్తానని మూడు వారాలు రాత్రిళ్లు కూర్చుని పదకొండు పేజీలు రాశాను. ఒక్కరికీ చూపించలేదు. ఐడియా ఎవరైనా ఎత్తుకుపోతారని ఒక భయం, నా ఇంగ్లీషు చూసి నవ్వుతారని ఇంకో భయం. గడువు ముగిసే రాత్రి పంపాను.

మెంటర్ జవాబు ఒక్క వాక్యం. దీని గురించి రెండేళ్ల కిందటే మాట్లాడుకుని వద్దనుకున్నామని, కింద ఒక లింకు. తెరిస్తే ఎప్పుడో క్లోజ్ చేసిన ఇష్యూ, అంటే ఆ ప్రాజెక్టు వాళ్లు ఒక సమస్య మీద చర్చించుకుని ముగించిన పేజీ, దాని కింద నలభై కామెంట్లు. వాళ్లు ఆ ఫైల్‌ని చేత్తో ఎడిట్ చేసుకుంటారు, మార్పులన్నీ గుర్తుపెట్టుకునే గిట్ అనే టూల్‌లో పెట్టి ఎవరు ఏం మార్చారో చూసుకుంటారు. డేటాబేస్‌లోకి వెళ్తే ఆ వీలు పోతుంది. నేను సమస్య అనుకున్నదే వాళ్లకి సౌకర్యం! ముందే అడిగుంటే ఒక్క పూటలో తెలిసిపోయేది. ఆ తర్వాత చాలాకాలం ఆ ప్రాజెక్టు పేరు వినబడితే ముఖం తిప్పుకునేదాన్ని.

నువ్వూ నాలాగే నోరు విప్పవు. చిన్నప్పుడు లెక్క రాకపోతే నోట్‌బుక్ మూసేసేదానివి గానీ అడిగేదానివి కాదు. ఇప్పుడూ అదే చేస్తే ఊరుకోను, చెప్తున్నా. క్లోజ్ అయిన ఇష్యూలు కూడా చదువు. అడిగేటప్పుడు 'నేనేం చెయ్యాలి' అని కాదు, 'ఇది రన్ చేశాను, ఈ టెస్ట్ ఇక్కడ ఫెయిలైంది, కారణం ఇదేనా' అని అడుగు. ఇంగ్లీషు తప్పులకి ఎవరూ నవ్వరు తల్లీ. ఆ భయంతో ప్రపోజల్ మొత్తం ఏఐ చేత రాయించకు. మెంటర్ ఎదురు ప్రశ్న వేస్తే జవాబు చెప్పాల్సింది నువ్వే.

మొన్న నువ్వు సరిచేసిన బగ్ చూశాను. నాలుగు లైన్ల మార్పు, దానికో టెస్ట్ కూడా. రెండుసార్లు చదివాను. ఆ మార్పు లింకు చివర్న ఎక్కడో కాదు, ప్రపోజల్ మొదటి పేజీలోనే పెట్టు.

డ్రాఫ్ట్ సగమే అయినా ఈ రాత్రికే మెంటర్‌కి పంపు. పంపాక నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రైనా సరే.

నీ పెద్దమ్మ