చల్లారే నీళ్ల గ్రాఫు గురించి

కావలి

చి. లహరికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు ఫోనులో పంపిన గ్రాఫు చూశాను. వేడినీళ్లు చల్లారే ప్రయోగంలో ప్రతి రీడింగు నుంచి గది ఉష్ణోగ్రత తీసివేసి, ఆ తేడాకు సహజ సంవర్గమానం (లాగ్) తీసి సరళరేఖ గీశావు. చివరి నాలుగు బిందువులు రేఖను వదిలి పైకి పోయాయని వాటిని కొట్టివేశావు. అవి తప్పు రీడింగులు కావమ్మా. నీ పొరపాటును చూపిస్తున్నవి అవే.

గది ఉష్ణోగ్రత 30 డిగ్రీలని రాశావు. ఒంగోలు ఎండల్లో, మధ్యాహ్నం పూట, ఆ అంకె ఎక్కడ దొరికింది? ఉదయం చూసినదే అయి ఉంటుంది. నా చదువు రోజుల్లో నేనూ అదే చేసి రికార్డు మొత్తం తిరగరాశాను. లెక్క వేసి చూడు. గది నిజంగా 32, నీళ్లు 80 దగ్గర మొదలై, నిమిషానికి 0.03 రేటున, అంటే గదితో ఉన్న తేడా నిమిషానికి సుమారు నూటికి మూడు వంతులు తగ్గేలా, చల్లారుతున్నాయనుకో. వంద నిమిషాలకు 34.4కు వస్తాయి. గదితో అసలు తేడా 2.4, నువ్వు వేసుకునేది 4.4. మొదటి, చివరి బిందువులను కలిపితే రేటు 0.024 వస్తుంది. రెండు డిగ్రీల పొరపాటుకు జవాబులో ఐదో వంతు పోయింది!

అందుకే గది ఉష్ణోగ్రతను ముందే తీసివేయకు. దాన్నీ తెలియని రాశిగా ఉంచి, మొదటి తేడా, రేటు, గది ఉష్ణోగ్రత మూడింటినీ కంప్యూటర్‌తో ఒకేసారి రాబట్టు. మొదటి అంచనాలు మాత్రం నువ్వే ఇవ్వాలి. తేడా సగమవడానికి 23 నిమిషాలు పడితే, 0.69ని (అది 2కు సహజ సంవర్గమానం) 23తో భాగించు, రేటు దొరుకుతుంది. పక్కన రెండో థర్మామీటరు పెట్టి గదిని కూడా పది నిమిషాలకోసారి చూడు. కంప్యూటర్ చెప్పిన అంకె దానితో పొసగకపోతే నమ్మవద్దు.

సంవర్గమానంతో ఇంకో చిక్కుంది. అర డిగ్రీ తడబాటు మొదట్లో 0.01 మాత్రమే, చివర 0.2. ఇరవై రెట్లు! రేఖ గీసేటప్పుడు రెండింటికీ ఒకే విలువ ఇవ్వడం న్యాయం కాదు.

మూత పెట్టావా? పెట్టకపోతే మొదటి నిమిషాల్లో నీళ్లు ఆవిరవుతూ మరింత త్వరగా చల్లారతాయి. అప్పుడు సూత్రంలో రెండో ఘాతీయ పదం, అంటే వేరే రేటుతో తగ్గే ఇంకో భాగం, చేర్చాలనిపిస్తుంది. చేర్చకు, మూత పెట్టు.

ఈసారి రెండు గంటలు తీసుకో. ప్రతి రీడింగు నుంచి, కంప్యూటర్ రాబట్టిన వక్రరేఖ ఆ నిమిషానికి చూపే విలువ తీసివేసి, ఆ తేడాలను విడిగా గీసి పంపు. అవి సున్నాకు అటూ ఇటూ చెల్లాచెదురుగా ఉండాలి. వరుసగా ఒకే పక్కన కనిపిస్తే వెంటనే ఫోను చెయ్యి, ఆదివారం ఇంట్లోనే ఉంటాను.

మీ పెదనాన్న