జింక్ సల్ఫేట్ కొనేముందు, చల్లేముందు

అబ్బాయ్,

నువ్వు పంపిన వరి ఫోటోలు చూశాను. పై నుంచి మూడో నాలుగో ఆకు మొదట్లో మధ్య ఈనె పాలిపోయింది, ముదురాకుల మీద ఇటుక రంగు మచ్చలున్నాయి, యూరియా వేసినా పచ్చబడలేదంటున్నావు. ఆకు వంచి చూడు. పెళుసుగా టప్‌మని విరిగితే జింక్ లోపమే, తెగులు మందుల మీద డబ్బు తగలెయ్యకు.

ఇప్పుడైతే లీటరు నీళ్లకు 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి ఐదు రోజుల తేడాతో రెండు మూడు సార్లు పిచికారీ చెయ్. అందులో పురుగుమందులు, తెగులు మందులు ఏవీ కలపొద్దు. మచ్చలు పడ్డ ఆకులు ఎలాగూ బాగవవు, కొత్తగా వచ్చే ఆకునే చూసుకో.

కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. జింక్ సల్ఫేట్ పేరుతో మెగ్నీషియం సల్ఫేట్ అంటగట్టేవాళ్లున్నారు, రెండూ తెల్లటి పలుకులే, చూసి పోల్చుకోలేం. ఒక గ్లాసులో చెంచాడు డీఏపీ (భాస్వరం ఉండే ఎరువు) కరిగించి పైన తేరిన నీళ్లు తీసుకో, ఇంకో గ్లాసులో తెచ్చిన జింక్ కరిగించి రెండూ కలుపు. అసలుదైతే విరిగిన పాలలా చిక్కటి తెల్లని తరకలు కడుతుంది, మెగ్నీషియం సల్ఫేట్ అయితే అలా కట్టదు.

ఆ తరకలు జింక్ ఫాస్ఫేట్, నీళ్లలో కరగదు. జింక్‌నీ డీఏపీనీ కలిపి చల్లితే పొలంలో జరిగేదీ ఇదే, డబ్బు పెట్టి కొన్న జింక్ మట్టిలోనే ఉంటుంది గానీ వేరుకు అందదు, పైగా భాస్వరం కూడా కొంత దాంతోపాటే చిక్కుకుపోతుంది. పనంతా ఒక్కరోజులో అయిపోతుందని మనవాళ్లు రెండూ కలిపి చల్లేస్తుంటారు, నువ్వు మాత్రం ఆ పని చెయ్యకు, కనీసం మూడు రోజుల తేడా ఉంచు. మన చౌడు నేలల్లో క్షారగుణం ఎక్కువ కాబట్టి జింక్ అసలే సరిగ్గా కరగదు, ఎప్పుడూ నీళ్లు నిలిచే మడుల్లోనూ ఈ లోపం తరచూ వస్తుంది.

వచ్చే పంటకి ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వెయ్, అది మూడు పంటలకి సరిపోతుంది. ఈ లెక్క 21 శాతం జింక్ ఉండే హెప్టాహైడ్రేట్ రకానికి. 33 శాతం ఉండే మోనోహైడ్రేట్ రకం దొరికితే 13 కిలోలు చాలు, అందుకే ధర అడిగేముందు బస్తా మీద శాతం ఎంతుందో చదువు.

మీ బాబాయ్