సెమీ హాలో గిటార్ ఇంట్లో చేత్తో చేసుకోవచ్చా? రెండు చేశాక నాకు తెలిసింది

మీరడిగింది, పెద్ద మెషీన్లు లేకుండా ఇంట్లోనే ఒక సెమీ హాలో గిటార్, అంటే లోపల కొంత డొల్ల, కొంత గట్టిగా ఉండే గిటార్ చేసుకోవచ్చా, యాంప్‌కి పెడితే ఎలక్ట్రిక్‌లా, కావాలంటే అకౌస్టిక్‌లా మోగాలి, ఏ చెక్క వాడాలి అని. చేసుకోవచ్చండి. నేను రెండు చేశాను, మొదటిది పాడైంది, రెండోది రోజూ వాయిస్తున్నా. అందరూ ముందు చెక్క గురించే అడుగుతారు గానీ దానికంటే ముందు తేల్చుకోవాల్సింది బాడీ మధ్యలో గట్టి దిమ్మ ఎంత వెడల్పు వదులుతారు అనేది. మిగతావన్నీ దాని వెనకే వస్తాయి.

మొదటిదానికి నేను దిమ్మే వదల్లేదు, మొత్తం డొల్ల చేసేస్తే అకౌస్టిక్ సౌండ్ బాగా వస్తుంది కదా అనుకున్నా, వచ్చింది కూడా, గదిలో కూర్చుని వాయిస్తుంటే ఎంత హాయిగా ఉండేదో. ఫ్రెండ్ పెళ్లి సంగీత్‌లో యాంప్ వాల్యూమ్ పెంచేసరికి కుయ్యిమని ఒకటే అరుపు, పాట మధ్యలో ఆపేయాల్సొచ్చింది. ఏమవుతుందంటే స్పీకర్ నుంచి వచ్చే సౌండ్ ఆ పల్చటి పైపలకని ఊపుతుంది, పలక తీగల్ని ఊపుతుంది, పికప్ (తీగల కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం) దాన్ని మళ్ళీ స్పీకర్‌కే పంపుతుంది, ఇక ఆ చక్రం ఆగదు. గిబ్సన్ వాళ్ళు 1958లో ఈఎస్-335 తెచ్చినప్పుడు రెండు పక్కలా డొల్ల ఉంచి మధ్యలో పొడుగునా మేపుల్ దిమ్మ పెట్టింది ఇందుకే. రెండోదానికి నేను 100 మిల్లీమీటర్ల దిమ్మ వదిలా. ప్లగ్ చేయకుండా వాయిస్తే సౌండ్ బాగా తగ్గిపోయింది, మామూలు అకౌస్టిక్‌లో సగం కూడా రాదు, అది ముందే ఒప్పుకుని దిగండి. కానీ స్టేజీ మీద ఒక్కసారి కూడా అరవలేదు.

335 లాగా పక్కలు వంచి, ప్లైని అచ్చులో నొక్కి చేయడం ఇంట్లో కష్టం. ఫెండర్ వాళ్ళు 1960ల చివర్లో టెలికాస్టర్ థిన్‌లైన్‌కి చేసినట్టు ఒకే మొద్దులో గుల్లలు తవ్వి పలక అతికించడం మనకి సులువు. నేను 44 మిల్లీమీటర్ల మందం పనస చెక్క తీసుకున్నా, అంచు చుట్టూ 15 వదిలి, అడుగున 6 మిగిలేదాకా తవ్వా, ముందు డ్రిల్‌తో దగ్గర దగ్గరగా బెజ్జాలు, డ్రిల్‌కి లోతు గుర్తుగా టేపు చుట్టి, తర్వాత ఉలి. మాది విజయనగరం వైపు, బొబ్బిలి వీణలు చేసే గొల్లపల్లిలో పనస దుంగ నుంచి కుండ (వీణకి గుండ్రంగా ఉండే భాగం) తొలచడం చిన్నప్పుడు చూశా కాబట్టి పనస మీద నాకు నమ్మకం, ఉలికి బాగా లొంగుతుంది, కోసినప్పుడు ఆ పసుపు రంగు చూస్తే పాలిష్ వేయబుద్ధి కాదు. మీ ఊళ్ళో పనస దొరక్కపోతే మహాగని చూడండి, ఏదైనా బాగా ఆరిన చేవ చెక్క అయితే చాలు.

మెడకి మాత్రం ఆరిన చెక్క దగ్గర రాజీ పడొద్దు. పడగొడుతున్న పాత పెంకుటింటి టేకు గుమ్మం ఒకటి కొన్నా, అన్నేళ్ళు ఆరిన చెక్క ఇక మెలి తిరగదు. క్వీన్ బ్యాండ్ బ్రయాన్ మే కుర్రాడిగా ఉన్నప్పుడు 1963లో వాళ్ళ నాన్నతో కలిసి గిటార్ మొదలుపెట్టి మెడని పాత ఫైర్‌ప్లేస్ చెక్కతో చేశాడు, అదీ లోపల గుల్లలున్న గిటారే, అది చదివాకే నాకు గుమ్మం ఆలోచన వచ్చింది. టేకులో నూనె ఉంటుంది, జిగురు పెట్టే ముందు థిన్నర్‌తో తుడవండి, ఉలి కూడా తొందరగా మొద్దుబారుతుంది. 10-46 సెట్టు (సన్న తీగ 0.010, లావు తీగ 0.046 అంగుళాలు) తీగలు మెడని దాదాపు 46 కిలోల బలంతో లాగుతాయి కాబట్టి మెడ లోపల పెట్టే ఇనుప కడ్డీ, అదే ట్రస్ రాడ్, తప్పనిసరి.

ఫ్రెట్ల (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లు) దగ్గర తొందర పడొద్దండి. వీణకి మెట్లు మైనంలో కూర్చోబెడతారు, మేళం కట్టేవాళ్ళు, అంటే ఆ మెట్లు అమర్చేవాళ్ళు, చెవితో విని జరుపుకోవచ్చు, గిటార్‌లో ఆ అవకాశం లేదు, రంపం గాటు పడితే పడినట్టే. స్కేల్, అంటే నట్ (మెడ పైకొనలో తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే చోటు) దాకా లెక్క పొడవు, 648 మిల్లీమీటర్లు అనుకుంటే దాన్ని 17.817తో భాగిస్తే 36.37, నట్ నుంచి మొదటి ఫ్రెట్ అక్కడ, మిగిలినదాన్ని మళ్ళీ భాగించాలి, అలా చేసుకుంటూ పోతే 12వది సరిగ్గా 324 దగ్గర రావాలి. లెక్క ఇలా చేసినా గుర్తు పెట్టేటప్పుడు మాత్రం ప్రతిదీ నట్ నుంచే కొలవండి, ఒక ఫ్రెట్ నుంచి ఇంకోదానికి కొలుచుకుంటూ పోతే చిన్న తప్పులు పోగై చివరికి పెద్దవవుతాయి. బ్రిడ్జి కూడా సరిగ్గా 648 దగ్గర పెట్టకూడదు, సన్న తీగ వైపు సుమారు 2, లావు తీగ వైపు 4-5 మిల్లీమీటర్లు వెనక్కి, లేకపోతే పై ఫ్రెట్లలో శ్రుతి ఎక్కువైపోతుంది.

కరెంటు పని. నేను మెడ దగ్గర ఒక హంబకర్ (మాగ్నెటిక్ పికప్), చెక్క బ్రిడ్జిలో సాడిల్ (తీగలు ఆనే సన్న పట్టీ) కింద పియెజో (ఒత్తిడిని సిగ్నల్‌గా మార్చే పికప్) పెట్టా. చాలామంది రెండింటినీ ఒకే వాల్యూమ్ పాట్‌కి (వాల్యూమ్ తిప్పే భాగం) కలిపేస్తారు, అలా చేయొద్దు, పియెజోకి కనీసం ఒక మెగా ఓమ్ ఇన్‌పుట్ కావాలి, హంబకర్ కోసం వాడే 500కె పాట్ మీద పెడితే రేకు డబ్బా మోగినట్టు వస్తుంది. 9 వోల్టుల బ్యాటరీ ప్రీయాంప్ (సిగ్నల్‌ని యాంప్‌కి ముందే బలపరిచే చిన్న సర్క్యూట్) పియెజోకి విడిగా ఇచ్చి, స్టీరియో జాక్‌తో రెండూ విడివిడిగా బయటికి తీయండి. నాది కట్టాక రెండో తీగ ఒక్కటే చాలా తక్కువ సౌండ్‌తో వినిపించేది, వారం రోజులు వైర్లు వెతికా, చివరికి చూస్తే సాడిల్ గాడి అడుగున వెంట్రుకంత పల్లం ఉంది, అక్కడ పియెజో మీద బరువు పడట్లేదు. గాడి అడుగు ఉలితో చదును చేసి, సాడిల్ అడుగు గాజు పలక మీద ఉప్పుకాగితం పరిచి రుద్దితే సరిపోయింది. తీగలు బ్రాంజ్‌వి కాకుండా నికెల్‌వి వేయండి, బ్రాంజ్ చుట్టిన లావు తీగల్ని మాగ్నెటిక్ పికప్ సరిగ్గా పట్టుకోదు.

ఇంకొకటి, ఇది నాకు బాగా బాధ కలిగించింది. మొదటి గిటార్ పైపలక ముసురు పట్టిన శ్రావణంలో అతికించా, చెక్క తేమ పీల్చి ఉబ్బి ఉంది, నాకు ఆ ధ్యాసే లేదు. మళ్ళీ వేసవి వచ్చి హైదరాబాద్ ఎండకి ఆరి కుంచించుకుపోయేసరికి నడిమధ్య అతుకు దగ్గర చీలిపోయింది. పలక అతికించే పని డిసెంబరు, జనవరి పొడి రోజుల్లో పెట్టుకోండి, చెక్కని అంతకుముందు నెల రోజులైనా ఆ గదిలోనే ఉంచండి. మెడ అతుకుకి మామూలు తెల్ల జిగురు వద్దు, ఆ లాగుడుకి మెల్లగా జారుతుంది, టైట్‌బాండ్ లాంటి పసుపు జిగురు వాడండి. పలక మూసేముందు ఎఫ్ హోల్ (పైపలకలో ఎఫ్ ఆకారపు బెజ్జం) లోంచి పాట్‌లు, జాక్ లోపలికి పోతాయో లేదో కూడా చూసుకోండి, ఒక్కోదానికి దారం కట్టి బెజ్జంలోంచి లాగితే వస్తాయి.

శని ఆదివారాలు మాత్రమే చేస్తే నాకు తొమ్మిది నెలలు పట్టింది. మొదటిసారి తీగలు కట్టాక వెంటనే పూర్తి శ్రుతికి బిగించొద్దు, రెండు మూడు స్వరాలు కిందే ఉంచి రాత్రంతా వదిలేయండి, పొద్దున్నే మెడ ఎంత వంగిందో స్కేలు పెట్టి చూసి ట్రస్ రాడ్ తిప్పి అప్పుడు బిగించండి. మీరు నెమ్మదిగా ఫింగర్‌స్టైల్ ఎక్కువ వాయిస్తారా, బ్యాండ్‌తో వాయిస్తారా చెప్పండి, దిమ్మ వెడల్పు దాన్నిబట్టి చెప్తా.